అందంగా తీసిన ఘోరం

2009 కాన్ చిత్రోత్సవంలో లార్స్ వాన్ ట్రయర్ ‘యాంటీక్రైస్ట్’ చూసినవారిలో కొందరు ఛీత్కరించారు, కొందరు చప్పట్లు కొట్టారు.

తొలి దృశ్యమే గుండె పిండుతుంది. నలుపు తెలుపుల్లో, హాండెల్ సంగీతం నడుమ మంచు మెల్లగా రాలుతుంటుంది. తల్లిదండ్రులు ఏకాంతంలో ఉండగా పసివాడు కిటికీ ఎక్కి కింద పడిపోతాడు. అంత ఘోరాన్ని అంత అందంగా చూపవచ్చా? కెమెరా ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు ఆస్కార్ అందుకున్న ఆంథొనీ డాడ్ మాంటిల్‌ది.

కాన్‌లోని క్రైస్తవ (ఎక్యుమెనికల్) జ్యూరీ ‘యాంటీక్రైస్ట్’ను స్త్రీద్వేష చిత్రమంటూ ‘వ్యతిరేక బహుమతి’ ప్రకటించింది. ఉత్సవ ప్రధాన జ్యూరీ మాత్రం ఇందులో నటించిన షార్లెట్ గెయిన్స్‌బర్గ్‌ను ఉత్తమ నటిగా ఎంపిక చేసింది.

చివరి భాగంలోని హింస నిజంగానే భరించరానిది. భరించలేక లేచి వెళ్లినవారిని కళ తెలియనివారని చిన్నచూపు చూడటం తప్పు. చూడకుండానే నిషేధించమనడం ఇంకా పెద్ద తప్పు. ఇలాంటి చిత్రాలు వేసేవారు హింస సంగతి ముందే స్పష్టంగా చెప్పాలి; ఆపై నిర్ణయం ప్రేక్షకుడికే వదలాలి.