‘మాత్రమే’ కనిపిస్తే కొట్టేయడమేనా?

‘ఆప్షన్‌లో మాత్రమే, అందరూ, ఎప్పుడూ అని ఉంటే కొట్టేయండి. కొందరు అని ఉంటే టిక్ పెట్టండి.’ రీజనింగ్‌లో అసంప్షన్ ప్రశ్నలకు కోచింగ్ క్లాసుల్లో తరచూ వినిపించే చిట్కా ఇది. దీన్ని నమ్ముకుని పరీక్ష హాల్లోకి వెళ్లొద్దంటాను.

హనుమాన్ జంక్షన్‌లో ఆగిన విజయవాడ - ఏలూరు బస్సునే తీసుకోండి. కండక్టర్ కేకేస్తాడు: ‘నూజివీడు వెళ్లేవాళ్లు ఇక్కడే దిగాలి!’ ఇదీ ప్రకటన. పైకి చెప్పకుండా అతను నిజమని తీసుకున్నదేమిటి? ఈ బస్సు నూజివీడు వెళ్లదనా? అక్కడ ట్రిపుల్ ఐటీ ఉందనా? జంక్షన్ నుంచి పది నిమిషాలకో బస్సు ఉందనా?

ఒక్కోదాన్నీ తిరగేసి చూడండి. ఈ బస్సు నూజివీడే వెళ్తుందనుకుంటే దిగమనడంలో అర్థమే లేదు. మాట కూలిపోయింది, కాబట్టి మొదటిది అసంప్షనే. పది నిమిషాలకు కాక గంటకో బస్సున్నా దిగాల్సింది అక్కడే. కాబట్టి మూడోది కాదు.

బోల్తా పడేది రెండోదాని దగ్గర. ట్రిపుల్ ఐటీ ఉన్న మాట నిజమే. కానీ కేక దాని మీద నిలబడలేదు. 2008లో ఆ కాలేజీ రాకముందు కూడా నూజివీడు వాళ్లు జంక్షన్‌లో దిగాల్సిందేగా! జనరల్ నాలెడ్జ్ ఎక్కువున్నవాళ్లకే ఈ ఉచ్చు ఎక్కువ.

ఇప్పుడు దీనికి తలకిందుల కేసు. ‘అతను జంక్షన్‌లో దిగాడు, కాబట్టి కచ్చితంగా నూజివీడే వెళ్తున్నాడు’ అన్నారెవరో. ఇందులో అసంప్షన్: జంక్షన్‌లో దిగేవాళ్లందరూ నూజివీడే వెళ్తారు. శుద్ధ అబద్ధం, గుడివాడ వెళ్లేవాళ్లూ అక్కడే దిగుతారు. అయినా ఆ మాట నిలబడింది ఈ ఊహ మీదే. ‘అందరూ’ ఉందని చిట్కా దీన్నే కొట్టేయమంటుంది!

ప్రశ్నలు తెలుగులో చదివేవాళ్లకు ఇంకో చిక్కుంది. ‘ఇక్కడే’ చివరున్న ‘ఏ’ చూశారా? ‘మాత్రమే’ చేసే పనే చేస్తోంది. ఆ పదం కోసం మాత్రమే వెతికే కంటికి ఇది ఆనదు.

సివిల్స్ సీశాట్‌లోనూ పాసేజీల కింద ఇలాంటి అసంప్షన్లే అడుగుతారు. అక్కడ ప్రశ్నకు 2.5 మార్కులు, తప్పు రాస్తే అందులో మూడో వంతు కోత.

తిరగేసి చూడ్డానికి టైమ్ చాలదంటారు కొందరు. మొదట్లో పడుతుంది, నిజమే. ప్రాక్టీస్‌కి కొత్త పుస్తకాలేమీ అక్కర్లేదు. బస్టాండు నోటీసులు, షాపుల బోర్డులు రోజుకో నాలుగు చదివి తిరగేయండి.