ప్రతి కడుపునొప్పీ ఆపరేషన్ కేసు కాదు

పొట్ట కింది భాగంలో, ఎక్కువగా ఎడమవైపు, ఉన్నట్టుండి నొప్పి మొదలవుతుంది. ‘సరిగ్గా ఇక్కడే’ అని వేలితో చూపించవచ్చు. జ్వరం, వాంతులు సాధారణంగా ఉండవు. రక్తపరీక్షలూ చాలావరకు నార్మల్‌గానే వస్తాయి. అయినా ఇంటిల్లిపాదికీ కంగారే.

పెద్దపేగు వెలుపలి గోడకు 50 నుంచి 100 వరకు చిన్నచిన్న కొవ్వు తిత్తులు వేలాడుతుంటాయి. వాటిలో ఒకటి మెలిపడినా, దాని సిరలో రక్తం గడ్డకట్టినా రక్తసరఫరా తగ్గి వాచిపోతుంది. ఇదే ‘ఎపిప్లాయిక్ అపెండజైటిస్’. కుడివైపు వస్తే అపెండిసైటిస్ అనిపిస్తుంది. ఎడమవైపైతే పేగు గోడలోని సంచులు వాచే డైవర్టిక్యులైటిస్ అని పొరబడే అవకాశం ఉంది. పొట్ట నొక్కి చూసి తేల్చడం కష్టం. సీటీ స్కాన్‌లో స్పష్టంగా తెలుస్తుంది.

జబ్బు ఇదేనని తేలితే సగం బెంగ తీరినట్టే. నొప్పినీ వాపునూ తగ్గించే మందులతో చాలామందికి ఒకటి రెండు వారాల్లో నయమవుతుంది. యాంటీబయాటిక్స్, ఆపరేషన్ అవసరం అరుదు. అందుకే ఆపరేషన్ మాట వచ్చినప్పుడు ‘స్కాన్‌లో ఏం తేలింది డాక్టర్ గారూ?’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

అలాగని ‘అదే తగ్గుతుందిలే’ అనుకుని మెడికల్ షాపు మాత్రలతో సరిపెట్టుకోవద్దు. అది అపెండిసైటిసే అయితే ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది. మందులు వాడుతున్నా నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా, వాంతులు మొదలైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.