డిపాజిట్ నల్లవాళ్లది, సంతకం హెన్రీ కుక్‌ది



ఫ్రీడ్‌మన్స్ బ్యాంకును ముంచిందెవరు అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఫ్రెడరిక్ డగ్లస్. అది మూతపడేనాటికి ప్రెసిడెంట్ కుర్చీలో ఉన్నది ఆయనే కదా. ఆయన ఆ కుర్చీ ఎక్కింది 1874 మార్చిలో. బ్యాంకు మూసింది జూన్‌లో. మరి అంతకుముందు అక్కడ ఎవరున్నారు? అందుకే ఈ భాగం హెన్రీ కుక్ గురించి.

1825లో ఒహాయోలో పుట్టాడు. పత్రికల్లో పనిచేస్తూ రిపబ్లికన్ పెద్దలకు దగ్గరయ్యాడు. అన్న జే కుక్ అంతర్యుద్ధ కాలంలో సర్కారు బాండ్లు అమ్మి మహా బ్యాంకర్ అయ్యాడు. వాషింగ్టన్‌లో కొట్టు, పలుకుబడి చూసుకునేది తమ్ముడు. 1871లో అధ్యక్షుడు గ్రాంట్ ఇతన్ని కొలంబియా డిస్ట్రిక్ట్‌కు మొదటి గవర్నర్‌ని చేశాడు.

ఇదే మనిషి ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఫైనాన్స్ కమిటీకి ఛైర్మన్.

ఆ బ్యాంకులో డబ్బు ఎవరిది? నిన్నమొన్నటి దాకా బానిసలుగా బతికినవాళ్లది. బట్టలుతికే ఆడవాళ్లది, కూలీలది, యుద్ధంలో పోరాడిన నల్ల సైనికులది. 1865లో లింకన్ సంతకంతో పుట్టిన బ్యాంకు కాబట్టి సర్కారే పూచీ అనుకున్నారు. పూచీ లేదు. మొదట్లో ఉన్న యాభై మంది ట్రస్టీలూ తెల్లవాళ్లే. జమ చేసేవాళ్లకు ఓటు లేదు.

ఉన్న ఒక్క కాపలా చట్టం. పొదుపులో పెద్ద భాగం సర్కారు బాండ్లలోనే పెట్టాలన్నది షరతు. 1870లో దాన్ని సడలించి భూములు, ఇళ్ల మీద అప్పులివ్వొచ్చన్నారు. ఇక తలుపులు తెరుచుకున్నాయి. ఐదు లక్షల డాలర్లు ఐదు శాతం వడ్డీకి అన్న కంపెనీకే వెళ్లాయి. డిపాజిటర్లకు చెప్పిన వడ్డీ ఆరు శాతం! తనకు వాటా ఉన్న సెనెకా ఇసుకరాయి కంపెనీకి కూడా అప్పు దొరికింది, విలువలేని బాండ్లు తాకట్టుగా.

1873 సెప్టెంబర్‌లో రైల్వే జూదంలో జే కుక్ కంపెనీ కూలింది. హెన్రీ అదే నెలలో గవర్నర్ పదవి వదిలేశాడు. బ్యాంకు కమిటీ నుంచి అంతకుముందే తప్పుకున్నాడు. (పూలే 'గులాంగిరీ' వచ్చిందీ ఆ ఏడాదే. బానిసత్వంపై పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. ఆ పోరాటం గెలిచినచోటే ఈ దోపిడీ సాగింది.)

అంతా ఊడ్చేశాక డగ్లస్‌ను పిలిచి కూర్చోబెట్టారు. ఆయన తన జేబులోంచి పదివేల డాలర్లు పెట్టాడు. లెక్కలు చూసి, ఇది దివాలా అని సెనేట్‌కు తనే చెప్పాడు. దాదాపు 61,000 మందికి సుమారు 30 లక్షల డాలర్లు రావాలి. ఆ తర్వాత వినిపించిన మాట? నల్లవాళ్లకు బ్యాంకు నడపడం చేతకాదని. మన యూనివర్సిటీ కమిటీల్లో, కార్పొరేషన్లలో ఖజానా ఖాళీ అయ్యాక మనవాడికి కుర్చీ ఇస్తే దండలు వేయడానికి పరుగెత్తే తమ్ముళ్లూ, ముందు పాత లెక్కల పుస్తకం అడగండి.

1883 దాకా విడతలుగా చెల్లించింది డాలరుకు 62 సెంట్లు. అదీ అందరికీ అందలేదు. కుక్ 1881లో జార్జ్‌టౌన్‌లో చనిపోయాడు. అక్కడ అతను కట్టించిన ఇళ్ల వరుసను ఇప్పటికీ కుక్స్ రో అనే పిలుస్తారు.