బాలుకి నోటీసు వస్తే మనకెందుకంత కోపం?

మా హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో మొన్న రాత్రి పదకొండున్నరకి మొదలైన గొడవ మూడింటిదాకా సాగింది. తెల్లారితే డీబీఎంఎస్ ఇంటర్నల్. అయినా ఒక్కడూ పడుకోలేదు. మామూలుగా మా గ్రూప్‌లో గొడవలంటే థమనా దేవిశ్రీనా, ఏ సినిమా బీజీఎం బాగుంది, రీ-రిలీజ్‌లో ఏ థియేటర్‌లో సౌండ్ బాగుంది, ఇట్లాంటివే. ఈసారి 'గుడ్ బ్యాడ్ అగ్లీ' సంగతి ఎవరో మళ్లీ తవ్వారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆ అజిత్ సినిమాలో తన పాత పాటలు వాడుకున్నారని ఇళయరాజా ఐదు కోట్లు అడుగుతూ నోటీసు ఇచ్చారు గదా, అది. సినిమా తీసిందేమో మన 'పుష్ప' తీసిన మైత్రీ వాళ్లు. మేం ఆడియో కంపెనీల దగ్గర పర్మిషన్ తీసుకున్నామని వాళ్లు అన్నారు. వ్యవహారం మద్రాస్ హైకోర్టు దాకా పోయింది.

ఇంక చూడండి. "ఈ వయసులో ఆయనకి అంత డబ్బెందుకబ్బా" అని ఒకడు. "పాట బయటికొచ్చినాక జనాలది, ఇంకెవరిదీ కాదు" అని ఇంకొకడు. 2024లో 'మంజుమ్మెల్ బాయ్స్'కి కూడా ఇట్లనే 'గుణ' పాట గురించి నోటీసు పోయిందని మూడోవాడు లింక్ పెట్టాడు. నేను ఊరకే ఉండలేక ఒక మాట వేశా: "బాలు గారికే నోటీసు పంపినాయన, ఇంక వీళ్లెంత?" దానికి ముప్పై దాకా హార్ట్‌లు పడ్డాయి. నా జీవితంలో నా మెసేజ్‌కి అన్ని హార్ట్‌లు పడింది అదే.

ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇది రాస్తున్నా.

ముందు బాలు సంగతి. 2017 మార్చిలో ఆయన అమెరికాలో వరసగా కచేరీలు చేస్తున్నారు. పాడటం మొదలుపెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా పెట్టుకున్న టూర్ అది. మధ్యలో ఇళయరాజా లాయర్ నుంచి నోటీసు వచ్చింది, నా అనుమతి లేకుండా నా పాటలు స్టేజీ మీద పాడొద్దని. ఆయనకే కాదు, చిత్ర గారికీ, చరణ్‌కీ, కచేరీ పెట్టినవాళ్లకీ వచ్చింది. బాలు ఫేస్‌బుక్‌లో ఈ సంగతి రాశారు. ఇట్లాంటి చట్టం ఉందని నాకు తెలియదు, చట్టమైతే పాటిస్తాను, మిగతా కచేరీల్లో వేరే సంగీత దర్శకుల పాటలు పాడతాను అన్నారు. దీని మీద ఎవరూ పరుషంగా మాట్లాడొద్దని కూడా కోరారు. మనం ఆ చివరి మాట తప్ప అన్నీ చదివాం.

నేనప్పుడు ఏడో తరగతి. మా ఇంట్లో ఆ రోజు ఎవరో పోయినట్టే ఉన్నింది. ఎందుకంటే బాలు మనోడు. పుట్టింది ఇప్పటి తమిళనాడులో ఉండే కోనేటమ్మపేటలోనే గానీ చదువుకున్నది నగరిలో, శ్రీకాళహస్తిలో. తరవాత అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీ. జబ్బు చేసి అది మధ్యలో ఆగిపోయింది. అంటే మనలో ఒకడు, బ్యాక్‌లాగ్‌లు క్లియర్ చేసుకోకుండా తప్పించుకున్నవాడు. ఆయన్ని ఎవరేమన్నా మన ఇంటి మనిషిని అన్నట్టే ఉంటుంది. 'సాగర సంగమం'కి, 'రుద్రవీణ'కి ఇద్దరికీ కలిపి నేషనల్ అవార్డులు వచ్చాయి. అట్లాంటి ఇద్దరి మధ్యకి లాయర్ వచ్చేసరికి మనకి ఒక దుర్మార్గుడు కావాల్సి వచ్చింది. ఇళయరాజా దొరికారు. 2019 జూన్ 2న ఇళయరాజా పుట్టినరోజు కచేరీలో బాలు మళ్లీ ఆయన పక్కన నిలబడి పాడారు. వాళ్లిద్దరూ మర్చిపోయారు. మనం మాత్రం ఇప్పటికీ మోస్తున్నాం.

ఇంటర్నల్ అయిపోయినాక (ఎట్ల రాశానో అడగొద్దు) నేను కూర్చుని కాపీరైట్ చట్టం చదివా. 1957 చట్టం. పూర్తిగా అర్థమైందని చెప్పను గానీ, ఒక పాటలో ఎంతమంది ఉంటారో అప్పుడు తెలిసింది. రాసినాయనకి సాహిత్యం మీద ఒక హక్కు, వరస కట్టినాయనకి సంగీతం మీద ఇంకొకటి, రికార్డు చేసిన కంపెనీకి ఆ రికార్డింగ్ మీద మరొకటి. పాడినవాళ్లకి, వాయించినవాళ్లకి 1994 సవరణ దాకా ఏమీ లేదు, అప్పుడే వాళ్లకీ కొంత హక్కు వచ్చింది. సినిమా పాటలకి చాలాకాలం లెక్క వేరేగా ఉండేది. నిర్మాత డబ్బులిచ్చి చేయించుకున్నాడు కాబట్టి మొత్తం ఆయనదే అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది. రాసినవాళ్లు, వరస కట్టినవాళ్లు దాని మీద ఏళ్ల తరబడి కొట్లాడితే 2012లో చట్టం మార్చారు. అప్పట్నుంచి, సినిమా హాల్లో ఆడేదానికి కాకుండా బయట వేరే రకంగా వాడుకుంటే వచ్చే రాయల్టీలో వాళ్లకి సమాన వాటా ఉండాలి. ఆ వాటాని వాళ్లు రాసిచ్చేయాలనుకున్నా రాసివ్వడానికి లేదు.

అంటే టికెట్ పెట్టి చేసే కచేరీలో "నా పాటకి నన్నడగండి" అనడంలో తప్పేముంది? పాత పాటల్లో ఏది ఎవరిది అనేది ఇంకా కోర్టుల్లో నలుగుతూనే ఉంది, అది వేరే సంగతి. అడగడమే తప్పు అన్నట్టు మనం మాట్లాడాం. మన సీనియర్ ఒకాయన కోడ్‌ని ఎవడో గిట్‌హబ్ నుంచి ఎత్తి పేరు లేకుండా ప్రాజెక్ట్‌లో పెట్టుకుంటే డిపార్ట్‌మెంట్ అంతా ఎంత గోల చేశామో గుర్తు తెచ్చుకోండి.

అయితే చట్టం చదివి నేనేం మారలేదు. మారింది మా మామ వల్ల.

మా మామ (అమ్మ తమ్ముడు) చిత్తూరు పక్క ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు. జాతరలు, వినాయక చవితి, పెళ్లిళ్లు, ధర్మరాజుల తిరునాళ్లు. మన పక్క తిరునాళ్లంటే తెలుసు గదా, పద్దెనిమిది రోజులు పగలు భారతం హరికథ, రాత్రి నాటకం, మధ్యలో ఎప్పుడో ఒక రాత్రి ఆర్కెస్ట్రా. ఒక నైట్‌కి మామకి రెండు వేలు వస్తుంది. పుత్తూరు, నగరి వైపు పోతే ఒకే పాట పల్లవి తెలుగులో, చరణం తమిళంలో పాడాలి, లేకుంటే కింద కూర్చున్నోళ్లు ఒప్పుకోరు. ఇళయరాజా పాటలు వాళ్ల కూలీలో సగం. అట్లాంటి మామ ఇళయరాజాని తిడతాడని అనుకున్నా. తిట్టలేదు.

ఎందుకంటే అంతకుముందే ఆయనకి ఒకటి జరిగింది. ఒక జాతరలో వాళ్ల ప్రోగ్రాం మొత్తం ఎవరో వీడియో తీసి తమ యూట్యూబ్ ఛానల్లో పెట్టుకున్నారు. అందులో ఒక పాట ముందు మామ సొంతంగా రెండు నిమిషాలు వాయించిన ముక్క ఉంది. ఆ ముక్కని కోసి రీల్స్ చేసుకున్నారు. పదకొండు లక్షల వ్యూస్. మామ పేరు లేదు, ట్రూప్ పేరూ లేదు. మామ ఫోన్ చేస్తే "పబ్లిక్ ప్రోగ్రామే గదన్నా" అన్నారంట. పొద్దున మా ఇంట్లో కాఫీ తాగుతూ ఇదే చెప్పుకుని మండిపడుతుంటే నేను తెలివిగా అన్నా, "మామా, ఆ పాటేమీ నీది కాదు గదా, నీకెందుకంత కోపం?"

"పాట నాది కాదురా. వాయించిండేది నేను గదా. ఆ రెండు నిమిషాలు ఆయప్ప పాటలో ఉందా? లేదు. నా చేతుల్లో నించి వచ్చింది. నా పేరన్నా పెట్టాల గదా ఎదవలు."

"మరి ఇళయరాజా అడిగితే మాత్రం..."

"అడగనీ. అడగాల్సిందే. నేను రెండు నిమిషాలకే ఇంత ఏడస్తా ఉంటే ఆయప్ప వేల పాటలు చేసినాడు. కాకపోతే అల్లుడూ, నేను ఇవ్వాలంటే యాడ ఇవ్వాల? ఎవురికి ఇవ్వాల? ఎంత అని చెప్తే నైటుకి వందో రెండొందలో తీసి పక్కన పెడతాం. చెప్పేవాడు ఉంటే గదా."

నా దగ్గర జవాబు లేదు. పాటలు రాసినవాళ్లకి, వరస కట్టినవాళ్లకి వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ అనే సొసైటీ 1969 నుంచి ఉంది. లైసెన్సు తీసుకోవాల్సింది కూడా మామూలుగా ప్రోగ్రాం పెట్టేవాళ్లు, వాయించేవాళ్లు కాదు. ఇది మామకి ముప్పై ఏళ్లలో ఎవరూ చెప్పలేదు. జాతర కమిటీకి అసలే తెలియదు. చట్టంలో గుడి తంతులకి, పెళ్లి ఊరేగింపులకి మినహాయింపు ఉంది. కానీ జాతర రాత్రి రోడ్డు మీద స్టేజీ కట్టి, డబ్బులిచ్చి పిలిపించిన ఆర్కెస్ట్రా తంతులోకి వస్తుందా రాదా? నాకు తెలిసిన ఒక లాయరన్నని అడిగితే "వాదించుకోవచ్చు" అని నవ్వాడు. లాయర్ల భాషలో అది మంచి కేసు అని అర్థం.

ఇళయరాజా చేసిందంతా రైటే అనడం లేదు నేను. టూర్ మధ్యలో గాయకుడి చేతికి నోటీసు పంపడం కంటే, ముందే కచేరీ పెట్టేవాళ్లతో తేల్చుకుని ఉంటే బాగుండేది అని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఇంకోటి కూడా ఉంది. "ఇళయరాజా పాట" అని మనమూ అంటాం, పేపర్లూ రాస్తాయి. 'రుద్రవీణ' పాటలు రాసింది సిరివెన్నెల. 'సాగర సంగమం' వేటూరి. తమిళంలో ఆ 'గుణ' పాట వాలి రాశారు. హక్కుల గొడవ జరిగిన ప్రతిసారీ ఒక్క పేరే వినబడుతుంది. క్యాసెట్ల కాలంలో లోపల ఒక మడత కాగితం ఉండేదని, అందులో రాసినవాళ్లవి, పాడినవాళ్లవి అన్నీ ఉండేవని నాన్న చెప్తాడు. మా ఇంట్లో బీరువా పైన అట్టపెట్టెలో ఇంకా ఉన్నాయి. ఇప్పుడు యాప్‌లో పాట పెడితే హీరో ఫొటో కనిపిస్తుంది. రాసినవాళ్ల పేరు కావాలంటే మూడు చుక్కలు నొక్కి లోపలికి పోవాలి, అక్కడా ఒక్కోసారి ఉండదు.

తిరుపతిలో ఉండి ఇంకొకటి చెప్పకపోతే తప్పవుతుంది. 2025 మార్చి 9న గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు ఈ ఊళ్లోనే పోయారు. టీటీడీ ఆస్థాన విద్వాంసులు. ఆరు వందలకు పైగా అన్నమయ్య సంకీర్తనలకి వరస కట్టారు. మన బస్టాండులో, కొండ మీద, మన అమ్మల ఫోన్లలో రోజూ మోగేవాటిలో ఆయనవి ఎన్నో. ఆ రోజు మా గ్రూప్‌లో నేను వార్త పెడితే వచ్చిన మొదటి మెసేజ్, "అన్నమయ్య పాటకి వేరేవాళ్లు ట్యూన్ కట్టడమేంది?" వాడిని నవ్వుకోవడానికి లేదు. నాకూ రెండేళ్ల ముందు దాకా తెలియదు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఎట్లా పాడాలో స్వరం లేదు. అన్నమయ్య పోయింది 1503లో. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో కూర్చుని ఒక్కొక్క దానికీ వరస కడితేనే అవి మన నోట్లోకి వచ్చాయి. మాట ఐదు వందల ఏళ్లది, పాట మన తాతల నాటిది. మనం మాత్రం అవి కొండ మీద నుంచి గాలికి వచ్చినట్టు వింటాం.

"పాట జనాలది" అన్నవాడికి నేనిచ్చే జవాబు ఇదే. ఇంత ప్రేమించే జనాలకి చేసినవాళ్ల పేరు తెలియకపోతే ఆ "జనాలది" అనే మాట పెద్ద మర్యాదగా లేదు. టికెట్ల రేట్లు మనకి నోటికొచ్చు. చెన్నైలో కాన్సర్ట్ అంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ టైమింగ్స్ కూడా నోటికొచ్చు.

ఇక మన ఫెస్ట్. కాలేజీ స్టూడెంట్లు, స్టాఫ్ తమలో తాము, తమ తల్లిదండ్రుల ముందు పాడుకుంటే చట్టం అడ్డు చెప్పదు, 52వ సెక్షన్‌లో స్పష్టంగా మినహాయింపు ఉంది. కాబట్టి మన సింగింగ్ కాంపిటీషన్‌కి భయం లేదు. డబ్బులిచ్చి పిలిచే డీజేకి, టికెట్ పెట్టి పిలిచే బ్యాండ్‌కి ఆ మినహాయింపు వర్తించదు. వాళ్ల కొటేషన్‌లో లైసెన్సు ఖర్చు ఎవరు పెట్టుకుంటారో అడగమని కల్చరల్ కమిటీకి చెప్పా. "ఇదొకటా నీకు, గమ్మునుండు" అన్నారు. మళ్లీ అడుగుతా. రెండోది మాత్రం ఒప్పుకున్నారు. ప్రతి పాట ముందు యాంకర్ రాసినవాళ్లు, వరస కట్టినవాళ్లు, మొదట పాడినవాళ్లు, ముగ్గురి పేర్లూ చదువుతారు. పదిహేను సెకన్లు పడుతుంది, స్టాప్‌వాచ్ పెట్టి చూశా.

లిస్టు తయారుచేస్తున్నా. ఇప్పటికి ఇరవై రెండు పాటలు వచ్చాయి. పదిహేనింటికి రాసినవాళ్ల పేర్లు దొరికాయి. మిగతా ఏడూ డబ్బింగ్ పాటలు, తెలుగులో ఎవరు రాశారో ఏ యాప్‌లోనూ లేదు. మీ ఇళ్లల్లో పాత క్యాసెట్లు ఉంటే ఆ మడత కాగితం ఫొటో తీసి పంపండి. మామ కూడా వెతుకుతున్నాడు.