అంతా కలేనా, పెద్దమ్మా?

మా చెల్లెలి కూతురు ఏడో తరగతి చదువుతోంది. మొన్న వేసవి సెలవలకి మా ఇంటికి వచ్చింది. వచ్చిన నాలుగో రోజుకే దానికి మామిడిపళ్లు విసుగు పుట్టాయి, మా వూరి ఎండ విసుగు పుట్టింది, ఐదో రోజుకి నా వంతు వచ్చేలా వుంది. అందుకని ముందుజాగ్రత్తగా “మంచి సినిమా చూద్దాం రావే” అని ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ పెట్టాను. 1939 నాటిదని చెబితే లేచిపోతుందని ఆ సంగతి మాత్రం చెప్పలేదు. మా అత్తగారు వత్తులు చేసుకుంటూ వో పక్కన కూర్చున్నారు. మా వారు పేపరు వెనకాల వున్నారు.

మొదట్లో బొమ్మంతా మట్టిరంగు. కాన్సాస్ అనే చోట చెట్టూ చేమా లేని బయలు, అందులో వొక ఇల్లు, వొక పిల్ల, దాని కుక్కపిల్ల. మా పిల్ల పెదవి విరిచింది. ఆ తర్వాత సుడిగాలి వచ్చింది. ఇల్లు ఇల్లంతా గాల్లోకి లేచి, గిరగిరా తిరిగి, ఎక్కడో దబ్బున దిగింది. డరోతీ మెల్లగా వెళ్లి తలుపు తీసింది. అవతల రంగులే రంగులు! మా పిల్ల చేతిలో మామిడిపండు చేతిలోనే వుండిపోయింది. అత్తగారి వత్తి సగంలో ఆగిపోయింది. పేపరు కూడా బెత్తెడు కిందికి దిగిందని నా అనుమానం.

చివరిదాకా అలాగే కూర్చున్నాం. చివరికి డరోతీ మంచం మీద కళ్లు తెరిచింది. చుట్టూ పిన్ని, బాబాయి, పొలంలో పనిచేసే ముగ్గురు మనుషులు. “కల వచ్చిందమ్మా నీకు” అన్నారు. కాదు, అది నిజంగా వున్న చోటేనని ఆ పిల్ల మొత్తుకుంది. అందరూ నవ్వారు. నమ్ముతున్నాంలే అని బాబాయి బుజ్జగించాడు. ఇక ఎక్కడికీ వెళ్లను, ఇంటిని మించింది లేదని ఆ పిల్ల వొప్పేసుకుంది. శుభం.

“అంతా కలేనా, పెద్దమ్మా?” అంది మా పిల్ల. సంతలో కొన్న బుడగ ఇంటికి రాకముందే పేలిపోతే పిల్లల మొహం ఎలా వుంటుందో అలా వుంది దాని మొహం.

“మంచి నీతి చెప్పారు. ఎంత తిరిగినా ఆడదానికి ఇల్లే కదే స్వర్గం” అన్నారు అత్తగారు.

“పిల్లల సినిమాకి నీతేమిటి! కాఫీ సంగతి ఏమన్నా వుందా?” అంది పేపరు.

కాఫీ కలిపి ఇచ్చాను. కలుపుతున్నంత సేపూ నాకు వొళ్లు మండుతూనే వుంది. ఆ మంటే ఇదిగో, ఇలా కాగితం మీదికి వచ్చింది.

ముందే చెబుతున్నాను, ఈ సినిమా అంటే నాకు ప్రాణం. 1956లో అమెరికా టెలివిజన్లో మొదటిసారి వేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏడాదికోసారి మన పండగల్లాగే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవారట. ఊరికే చూశారా? ఆ రంగుల కోసం, దిష్టిబొమ్మ తైతక్కల కోసం, మంత్రగత్తె పచ్చమొహం కోసం పిల్లలు చూశారు. మరి వాళ్ల తల్లులు ఎందుకు చూశారు? నా మటుకు నాకు సమాధానం సినిమా మొదట్లోనే దొరికింది. మట్టిరంగు పెరట్లో నిలబడి, ఇంద్రధనుస్సుకి ఆవల ఏదో వుంటుందని ఆ పిల్ల పాడుతుంది చూడండి, అక్కడ. జూడీ గార్లండ్‌కి అప్పటికి పదహారేళ్లు. ఆ పాటని సినిమాలోంచి తీసేద్దామని కూడా వొక దశలో అనుకున్నారట. తీరా దానికే ఆస్కార్ వచ్చింది. తీసేసి వుంటే ఏం పోయేది? రంగులు మిగిలేవి, సుడిగాలి మిగిలేది, కోరిక పోయేది. ఆ పిల్ల ముందు కోరుకుంది, తర్వాతే గాలి వచ్చింది.

మన జానపద సినిమాలు చూడండి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అందులో కోరుకున్నది తోటరాముడు. ఇల్లు వదిలి వెళ్లింది తోటరాముడు. రాకుమారి ఏం చేసింది? మాంత్రికుడు ఎత్తుకుపోతే వెళ్లింది, రాముడు తీసుకొస్తే వచ్చింది. ఓజ్‌లో అలా కాదు. పసుపుపచ్చ ఇటికల దారి పట్టుకుని మన పిల్లే నడిచింది. మెదడు లేనివాడిని, గుండె లేనివాడిని, ధైర్యం లేనివాడిని వెంటేసుకుని ముగ్గురినీ వో దరికి చేర్చింది. ఆ మాటకొస్తే మనలో చాలామంది చేసే సంసారం అదే కదా!

కానీ వొక్కటి అడుగుతాను. తోటరాముడి సాహసమంతా చివర్లో కలేనని చూపించి వుంటే హాల్లో కుర్చీలు మిగిలేవా? నేలక్లాసు వాళ్లు వూరుకునేవారా? మగపిల్లాడు పాతాళానికి వెళ్లొస్తే సాహసం. ఆడపిల్ల మబ్బులు దాటి వెళ్లొస్తే నెత్తికి దెబ్బ తగిలి వచ్చిన కల!

ఈ కల పాపం పుస్తకం రాసినాయనది కాదు. ఎల్. ఫ్రాంక్ బామ్ ఈ నవలని 1900లో అచ్చువేయించాడు. పిల్లలకి చెప్పే కథలు రాసి పెట్టమని ఆయన వెంటపడింది ఎవరనుకున్నారు? అత్తగారు! మనకి అత్తగారంటే భానుమతి గారి అత్తగారే గుర్తొస్తారు గాని, ఈ అత్తగారు మటిల్డా జాస్లిన్ గేజ్ అనే ఆవిడ. ఆడవాళ్లకి ఓటు హక్కు కావాలని జీవితమంతా పోరాడిన మనిషి. పుస్తకం రాకముందే, 1898లో పోయింది. అల్లుడు మాత్రం ఆవిడ నీడలో పెరిగిన పిల్లనే రాశాడు.

నవల మొదటి పేజీల్లోనే ఎమ్ పిన్ని కనిపిస్తుంది. కాపురానికి వచ్చినప్పుడు అందమైన పడుచుపిల్ల. ఆ బయలు, ఆ ఎండ, ఆ గాలి కలిసి ఆవిడ కళ్లల్లో మెరుపుని, బుగ్గల్లో ఎరుపుని తీసేసుకున్నాయి. మనిషి బూడిదరంగుకి తిరిగింది. నవ్వడం మానేసింది. అనాథగా వచ్చిన డరోతీ నవ్వితే వులిక్కిపడేదట, ఇందులో నవ్వడానికేముందా అని. చదివి నేను పుస్తకం కాసేపు మూసేశాను. ఇలాంటి పిన్నులు మన ఇళ్లల్లో ఎంతమంది లేరు!

ఇక మంత్రగత్తె. సినిమాలో దిష్టిబొమ్మకి నిప్పంటుకుంటే ఆర్పబోయి నీళ్లు చల్లింది డరోతీ. అవి పొరపాటున పడి మంత్రగత్తె కరిగిపోయింది. నవలలో అలా కాదు. మంత్రగత్తె ఈ పిల్ల చేత అంట్లు తోమించింది, ఇల్లు వూడ్పించింది, పొయ్యిలో కట్టెలు వేయించింది. అన్నీ చేసింది పిల్ల. చివరికి మోసం చేసి కాలి జోడు వొకటి లాక్కుంటే మాత్రం దానికి కోపం వచ్చింది. నా జోడు నాకివ్వమంది. ఇవ్వనంటే పక్కనున్న బకెట్ ఎత్తి దాని మీద కుమ్మరించింది. అది కరిగిపోతుంటే భయపడింది, పాపం అనుకుంది కూడా. ఆ తర్వాత ఇంకో బకెట్ నీళ్లు పోసి, ఆ మడుగంతా చీపురుతో గుమ్మం బయటికి వూడ్చి, జోడు తుడుచుకుని కాలికి తొడుక్కుంది! కత్తి కాదు, మంత్రం కాదు, వంటింటి బకెట్. సినిమావాళ్లు బకెట్ వుంచారు, కోపం తీసేశారు. మంచి ఆడపిల్లకి కోపం రాకూడదు కాబోలు.

నేనూ నవలలు రాసేదాన్నే. ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో సినిమాలుగా వచ్చిన దేశం మనది. నవల తెరకెక్కితే కొంత తరుగు పోక తప్పదని మనకి తెలుసు. నవలలో వెండిజోళ్లు, సినిమాలో కెంపుల జోళ్లయ్యాయి. కొత్తగా వచ్చిన టెక్నికలర్‌లో ఎరుపు బాగా పండుతుందని మార్చారు. బాగానే పండింది. దానికి నేను తగువు పెట్టుకోను. కానీ చివర్లో మార్చింది రంగు కాదు, సత్యం. నవలలో డరోతీ తిరిగి వచ్చేసరికి పాత ఇల్లు లేదు, గాలి పట్టుకుపోయింది. బాబాయి కట్టిన కొత్త ఇల్లు వుంది. క్యాబేజీ మొక్కలకి నీళ్లు పోయడానికి బయటికి వచ్చిన పిన్ని, పిల్ల పరుగెత్తుకు రావడం చూసి వాటేసుకుని, ఎక్కణ్ణుంచి వచ్చావే తల్లీ అని అడిగింది. ఓజ్ దేశం నుంచి అంది పిల్ల. కలగన్నావని ఆ పిన్ని అనలేదు.

సినిమాలో ఇంకో సంగతి వుంది, చాలామంది గమనించరు. సుడిగాలికి ముందే డరోతీ కుక్కపిల్లని కాపాడుకోడానికి ఇల్లు వదిలి బయల్దేరుతుంది. దారిలో సోదె చెప్పేవాడొకడు గాజుగోళంలోకి చూసి, మీ పిన్ని నీ మీద బెంగతో గుండె పట్టుకుని పడిపోయింది అంటాడు. పిల్ల వెనక్కి పరుగెడుతుంది. ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. బి.ఏ. అయ్యాక దూరంగా వున్న యూనివర్సిటీలో ఎమ్.ఏ. సీటొచ్చింది నాకు. పోరి వెళ్లాను. పన్నెండు రోజులున్నాను. పదమూడో రోజు హాస్టలు ఆఫీసుకి ఫోను వచ్చింది, అమ్మకి వొంట్లో బాగాలేదు, వెంటనే బయల్దేరమని. ఏడుస్తూ రాత్రంతా బస్సులో వచ్చాను. వీధిగుమ్మంలో అమ్మ నిక్షేపంగా ముగ్గు వేస్తోంది. లోపల పెళ్లివారు వుత్తరం రాసి వున్నారు.

మా వారు మంచివారే, వాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఇప్పటికీ నేను “మా హాస్టల్లో...” అని మొదలుపెడితే, “పన్నెండు రోజులకి హాస్టలేమిటే, కలగన్నట్టు!” అని అందరూ నవ్వుతారు. ఆ మెస్సు ఫీజు రసీదు నా పెట్టెలో ఇప్పటికీ వుంది. డరోతీకి అదీ మిగల్లేదు, వెండిజోళ్లు దారిలో ఎడారిలో జారిపోయాయి.

అయితే ఇల్లు మంచిది కాదంటావా అని మీరు అడగొచ్చు. అనను. నవలలోనూ డరోతీ ఇంటికే వెళ్తానంటుంది. ఎంత నిస్సారంగా వున్నా సొంత ఇల్లే ఇష్టమంటుంది. అప్పుడు దిష్టిబొమ్మ ఏమంటాడో తెలుసా? మీ తలల్లో కూడా నాలాగే గడ్డి వుంటే అందరూ అందమైన చోట్లకే పోయేవాళ్లు, కాన్సాస్ ఖాళీ అయిపోయేది, మీకు మెదళ్లుండడం కాన్సాస్ అదృష్టం అంటాడు! ఇంటి మీద ప్రేమ వేరు, ఇల్లు దాటనని వొట్టు వేయించుకోవడం వేరు. వెళ్లొచ్చిన పిల్ల ఇల్లు బాగుందంటే అది ప్రేమ. వెళ్లడమే తప్పని వొప్పించి అనిపిస్తే అది లొంగుబాటు.

పైగా కథ అక్కడితో అయిపోలేదు. 1910లో వచ్చిన ఆరో ఓజ్ పుస్తకంలో, కొత్త ఇల్లు కట్టడానికి చేసిన అప్పు తీర్చలేక బాబాయి పొలం తాకట్టులో పోయే గతి పట్టింది. అప్పుడు డరోతీ ఏం చేసిందో తెలుసా? పిన్నినీ బాబాయినీ ఓజ్‌కే తీసుకుపోయి అక్కడే కాపురం పెట్టించింది. సినిమా ఏ ఇంటికైతే ఆ పిల్లని కట్టేసిందో, ఆ ఇంటివాళ్లనే కడుపులో పెట్టుకుంది ఆ పిల్ల చూసొచ్చిన దేశం. ఇక కల అన్న దాని విలువ వినండి. సినిమాలో వాడిన కెంపుల జోళ్లలో వొక జతని 2005లో వొక మ్యూజియం నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. 2018లో దొరికాయి. 2024 డిసెంబరులో వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లకి పాట పోయింది. కలలో జోళ్లకి ఇంత ధర ఏమిటండీ!

అందుకని ఈ సినిమా మీ పిల్లలకి తప్పక చూపించండి. చివరి మంచం సీను రాగానే మాత్రం పుస్తకంలో ఏముందో మీరు చెప్పండి.

నేను ఆ రాత్రే చెప్పాను. డాబా మీద పక్కలు వేసుకుని మా పిల్లకి బకెట్ సంగతీ, కొత్త ఇంటి సంగతీ, అప్పు సంగతీ అన్నీ చెప్పాను. “అయితే కల కాదన్నమాట” అని అది అటు తిరిగి పడుకుంది. అత్తగారు నిద్రపోయారనుకున్నాను.

“కాన్సాస్ అంటే మన ఎదురింటి వాళ్ల అమ్మాయి చదువుకుంటున్న చోటే కదూ?” అన్నారు చీకట్లోంచి.

“అదేనండీ.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“ఆ పిల్ల వాళ్ల పిన్నిని కూడా తీసుకెళ్లిందన్నావే, అక్కడికి వెళ్లాకైనా ఆవిడ మళ్లీ నవ్విందా?” అన్నారు.