బడికెళ్లిన గంటలకూ ఫీజు కట్టాలా?

ఇంటి డే కేర్‌లలో ఏటా తలెత్తే పేచీ
తగ్గింపు సరే... సెలవుల్లో పెంపు మాటేమిటి?

పురానాపూల్ (హైదరాబాద్): బిడ్డకు మూడేళ్లు నిండాయి. నర్సరీలో చేర్పించారు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర వరకు బడిలోనే ఉంటాడు. ఇన్నాళ్లూ రోజంతా అతణ్ని తన ఇంట్లో చూసుకున్న మహిళకు ఇకపై నెలకు ఎంత చెల్లించాలి? ఆ మూడున్నర గంటల మేరకు తగ్గించాలని తల్లిదండ్రులు కోరతారు. బిడ్డ కోసం అట్టిపెట్టిన చోటును ఆ కాసేపటికి ఎవరికిచ్చేదని ఆమె ఎదురు ప్రశ్నిస్తుంది. పైకి ఇది కొన్ని వందల రూపాయల బేరమే. బెడిసికొడితే మాత్రం ఒక ఇంట్లో తల్లి కొలువు మానుకోవాల్సి వస్తుంది, మరో ఇంట్లో ఉన్న ఒక్క రాబడీ ఆగిపోతుంది.

1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా హయాంలో మూసీపై నిర్మించిన వంతెన పేరే ఈ ప్రాంతానికి స్థిరపడింది. నదికి ఒకవైపు బేగంబజార్ టోకు దుకాణాలు, ధూల్‌పేట, జియాగూడ. మరోవైపు హైకోర్టు, సిటీ కాలేజీ, పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రి. కాస్త దూరంలో ఉస్మానియా ఆసుపత్రి, లాడ్‌బజార్. ఈ చోట్ల పని వేళలు బడి గంటకు లోబడవు. ఆసుపత్రుల్లో షిఫ్టుల విధులు. దుకాణాల్లో పొద్దుపోయే వరకు బేరాలు. రంజాన్ మాసంలో చార్మినార్ పరిసర బజార్లు రాత్రంతా కిటకిటలాడతాయి. అదే నెలలో ఉర్దూ మాధ్యమ పాఠశాలల వేళలు కుదించుకుపోతాయి. అంటే తల్లికి పని పెరిగే రోజుల్లోనే బిడ్డకు బడి తగ్గుతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం లభించాక దూరాన పనికి వెళ్లడం సులువైంది. పన్నెండున్నరకు నర్సరీ గేటు వద్ద నిలబడటం మాత్రం అంతే కష్టమైంది.

చట్టం అందని చోటు

పిల్లల సంరక్షణ యజమాని బాధ్యతని చట్టాలు చెప్పకపోలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు శిశు సంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేసింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే సంఖ్య కొనసాగింది. పదిమంది పనిచేసే దుకాణానికి గానీ, ఇంట్లోనే గాజులకు రాళ్లు అతికే మహిళకు గానీ ఈ నిబంధన వర్తించదు. ఇక మిగిలింది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ ఆటపాటల చదువు, భోజనం ఉచితం. అయితే తల్లి ఇల్లు చేరక ముందే కేంద్రానికి తాళం పడుతుంది. ఈ లోటు పూడ్చేందుకే 2022లో ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీతో కలిసి నడిచే శిశు సంరక్షణ కేంద్రాలను కేంద్ర ప్రభుత్వం ప్రతిపాదించింది. దేశమంతటికీ నిర్దేశించుకున్న లక్ష్యం 17 వేల కేంద్రాలు. ఇంత పెద్ద దేశంలో అవి ఎన్ని గల్లీలకు చేరగలవో ఊహించుకోవచ్చు.

అందుకే బోర్డు లేని డే కేర్‌లే దిక్కవుతున్నాయి. ఒకటి రెండు గదుల ఇల్లు, ముగ్గురు నలుగురు పిల్లలు, చూసుకునే ఒక మహిళ. రసీదు ఉండదు, ఒప్పంద పత్రం ఉండదు, నోటిమాటే ఆధారం. నర్సరీ మొదలయ్యే దాకా ఆ మాట సరిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే.

గంటల లెక్కలో గల్లంతు

ఒక ఊహాజనిత లెక్క చూద్దాం. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు, నెలకు 26 రోజులు, బిడ్డకు రూ.3,000 అనుకుంటే మొత్తం 260 గంటలు. గంటకు పదకొండున్నర రూపాయలు పడుతుంది. నర్సరీలో గడిపేది నెలకు 91 గంటలు. తల్లిదండ్రుల వాదన ప్రకారం రూ.1,050 తగ్గాలి. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఇద్దరు నర్సరీకి వెళ్తే ఆమె రాబడి రూ.12,000 నుంచి రూ.9,900కు పడిపోతుంది.

మరి ఖర్చు ఏ మేరకు తగ్గింది? అద్దె తగ్గదు. మిగిలిన ఇద్దరు పసివాళ్లు ఇంట్లోనే ఉన్నారు కనుక ఆమె గడప దాటి మరో పనికి వెళ్లే వీలుండదు. తొమ్మిది నుంచి పన్నెండున్నర వరకు మాత్రమే బిడ్డను ఉంచుతామనే కుటుంబం దొరకడం అరుదు. దొరికినా, మధ్యాహ్నానికి పాత బిడ్డ తిరిగొచ్చేసరికి కొత్త బిడ్డను తీసుకెళ్లేవారు ఆలస్యం చేస్తే నలుగురి చోట అయిదుగురవుతారు. నిజంగా మిగిలేది పదిన్నర వేళ పెట్టే బిస్కెట్లు, పాలు. రోజుకు పది రూపాయలనుకున్నా నెలకు రూ.260. కోరిన తగ్గింపులో అది నాలుగో వంతు.

అసలు ఆ మూడున్నర గంటలూ ఆమె బాధ్యత తీరిపోయిందా అన్నది మరో ప్రశ్న. బిడ్డకు ఒళ్లు వెచ్చబడిందని పదకొండింటికి నర్సరీ నుంచి ఫోన్ వస్తే దుకాణంలో ఉన్న తల్లి కన్నా ముందు పరుగెత్తేది ఈమే. టీచరు రాలేదని, ఏదో సంతాప సెలవని పిల్లల్ని వెనక్కు పంపినా చేరేది ఈ ఇంటికే. చోటు ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీ కాదు. చంటిబిడ్డల సంరక్షణలో అమ్ముడయ్యేది గంట కాదు, ‘ఎప్పుడొచ్చినా తలుపు తెరిచే ఉంటుంది’ అన్న భరోసా. తగ్గింపు కోరే వాదన ఇక్కడే బలహీనపడుతోంది.

దింపి రావడం ఎవరి పని?

నర్సరీతో ఆమెకు పని తగ్గకపోగా ఒక కొత్త పని వచ్చి పడుతుంది. ఉదయం బిడ్డను తయారుచేసి దింపాలి, మధ్యాహ్నం తీసుకురావాలి. బేరంలో ఈ రెండు నడకల ప్రస్తావనే రాదు. దారి అరకిలోమీటరే కావచ్చు. ఆ సమయంలో ఇంట్లో ఉన్న ఏడాది బిడ్డను ఏం చేయాలి? చంకనెత్తుకుని ఆటోలు, సరుకు బండ్ల నడుమ రోడ్డు దాటాలి, లేదా పక్కింటివారికి అప్పగించాలి. రెండూ ముప్పుతో కూడినవే. పైగా ఆ చంటిబిడ్డ తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియకపోవచ్చు. బడికెళ్లే బిడ్డ ఫీజు గురించి జరిగే చర్చలో బడికెళ్లని బిడ్డ భద్రత ఇమిడి ఉందన్నది గమనార్హం. దింపే పనికి విడిగా సొమ్ము కడితే బడి ఈడు అమ్మాయిని కాకుండా పెద్దవారినెవరినైనా తోడు పెట్టుకునే వీలు కలుగుతుంది. లేదంటే ఆ పని ఇంట్లోని ఏ పదేళ్ల పిల్ల మీదో పడుతుంది, ఆమె బడి మానుతుంది.

సెలవుల్లో తిరగబడే లెక్క

గంటలనే ప్రామాణికంగా తీసుకుంటే ఆ సూత్రం రెండు వైపులా వర్తించాలి. రాష్ట్రంలో ఏటా మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. సాయంత్రం దాకా బడిలో ఉండాల్సిన యూకేజీ పిల్లలు పన్నెండున్నరకే వచ్చేస్తారు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు వేసవి సెలవులు. ఆపై దసరా, సంక్రాంతి, రెండో శనివారాలు. ఆ రోజుల్లో బిడ్డ రోజంతా డే కేర్‌లోనే ఉంటాడు, భోజనం సహా. జూన్‌లో తగ్గించమని అడిగినవారు మార్చిలో పెంచుతామని ముందుకొచ్చే సందర్భాలు అంతగా కానరావు. సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి పంపేవారైతే ఆ నెల ఫీజే ఎగ్గొట్టాలని చూస్తారు. ఆ నెలా పదిహేను రోజులు ఆమె అద్దె కట్టాలన్న స్పృహ ఎవరికీ ఉండదు.

విదేశాల అనుభవం కూడా ఇదే చిక్కును చూపుతుంది. ఇంగ్లండ్‌లో ఉద్యోగస్తులైన తల్లిదండ్రుల మూడు, నాలుగేళ్ల పిల్లలకు వారానికి 30 గంటల సంరక్షణ ఖర్చును 2017 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం భరిస్తోంది. ఆ గంటలను నర్సరీకి, ఇంటి వద్ద చూసుకునేవారికి పంచుకోవచ్చు. అయితే ఆ సాయం ఏడాదిలో 38 వారాల లెక్కకే పరిమితం. మిగిలిన వారాల భారం కుటుంబానిదే. ఫ్రాన్స్‌లో ఇంటి వద్ద పిల్లల్ని చూసుకునే ఆయాలకు ప్రభుత్వ గుర్తింపు, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. జీతాన్ని ఏడాది మొత్తానికి లెక్కగట్టి నెలనెలా చెల్లిస్తారు. సెలవుల హెచ్చుతగ్గులు నెల రాబడిని కుదిపేయకుండా ఆ ఏర్పాటు కాపాడుతుంది. మన దేశంలోనూ 2017 నాటి జాతీయ శిశు సంరక్షణ కేంద్రాల పథకం దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబానికి నెలకు రూ.20, రూ.12 వేల లోపు ఆదాయముంటే రూ.100, మించితే రూ.200 రుసుముగా నిర్ణయించింది. కొలమానం కుటుంబ ఆదాయం, బిడ్డకిచ్చిన చోటు. బిడ్డ ఎన్ని గంటలున్నాడన్నది కాదు.

తల్లిదండ్రుల గోడూ నిజమే

అలాగని తగ్గింపు కోరేవారిని పిసినారులనలేం. నర్సరీ ఫీజు, యూనిఫాం, పుస్తకాలు, ఆటో కిరాయి ఒక్కసారిగా మీద పడతాయి. రెండు చోట్లా పూర్తి సొమ్ము కడితే తల్లి జీతంలో మిగిలేదేమీ ఉండదు, ‘ఆ మాత్రానికి పనికి వెళ్లడమెందుకు’ అన్న మాట ఇంట్లో వినిపిస్తుంది. వారికి న్యాయంగా తగ్గింపు అడిగే హక్కు ఒకటుంది. అది గంటలది కాదు, వయసుది. శిశు సంరక్షణ కేంద్రాలకు 2018లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు మూడేళ్లలోపు పిల్లలు పది మందికి ఒక కార్యకర్త ఉండాలని, మూడేళ్లు దాటితే 20 మందికి ఒకరు చాలని పేర్కొన్నాయి. అంటే మూడేళ్ల బిడ్డకు పట్టే శ్రమ దాదాపు సగమని ప్రభుత్వమే అంగీకరించినట్లు. సొంతంగా తిని, అడిగి మరుగుదొడ్డికి వెళ్లే బిడ్డకు పాలడబ్బా బిడ్డ ఫీజే వసూలు చేయడం సబబు కాదు. నర్సరీలో చేరే ఈడు, ఈ మార్పు వచ్చే ఈడు ఒకటే కావడంతో రెండూ కలగలిసి తప్పు లెక్కకు దారితీస్తున్నాయి.

అంగన్‌వాడీకి వెళ్లే పిల్లల విషయం కొంత భిన్నం. అక్కడ చదువుకు ఫీజు లేదు, మధ్యాహ్న భోజనం కూడా పెడతారు. ఆ భోజనం ఖర్చు డే కేర్ ఫీజులోంచి మినహాయించడమే న్యాయం.

ఖాలాతో కాగితమా?

ఇన్ని పద్దులను నోటిమాట మోయలేదు. అయినా కాగితం రాసుకోవడానికి ఇరువర్గాలూ జంకుతాయి. చూసుకునే ఆమె ఒకరికి ఖాలా, మరొకరికి అక్క, పిల్లలకు నానీ. ‘పొద్దున బాబు మీ దగ్గర ఉండడు కదా ఖాలా, కాస్త చూసి తీసుకోండి’ అంటే ఆమె కాదనలేదు. మొహమాటానికి ఒప్పుకుని రెండు నెలలు తిరిగేసరికి ‘ఇక నాతో కాదమ్మా’ అని తప్పుకుంటుంది. వరుస కలిపిన చోట బేరం ఆమెకే నష్టమవుతుంది. నెల సామాను ఖాతా పుస్తకంలో రాయించుకోవడానికి లేని నామోషీ దీనికెందుకో అర్థం కాదు.

రాయాల్సింది ఒక పేజీకి మించదు. మూడేళ్లు దాటిన బిడ్డ చోటుకు నెలకు ఇంతని ఒక స్థిరమైన మొత్తం. అందులోంచి బడిలో తినే పూట ఖర్చు మినహాయింపు. దింపి తీసుకురావడానికి విడిగా ఇంత. ఒంటిపూట రోజులకు, సెలవు రోజులకు భోజనం కింద ఇంత. ఊరెళ్తే చోటు నిలబెట్టేందుకు సగం ఫీజు. సాయంత్రం ఆరు దాటితే అరగంటకు ఇంత. పై ఉదాహరణనే తీసుకుంటే, వయసును బట్టి స్థిర మొత్తం రూ.2,600కు దిగి, ఫలహారం రూ.260 పోయి, దింపే పనికి రూ.400 కలిస్తే తేలేది రూ.2,740. తల్లిదండ్రులు ఆశించిన రూ.1,950 కాదు, పాత రూ.3,000 కూడా కాదు. దింపే పని తామే చూసుకునే వారికి రూ.2,340కే సరిపోతుంది.

ఈ మాట జూన్‌లో బడి తెరిచాక మొదలుపెడితే ఎవరో ఒకరు ఇరుకున పడతారు. నర్సరీ సీటు ఖాయం చేసుకునేది వేసవికి ముందే. డే కేర్‌లో మాట్లాడుకోవాల్సిందీ అప్పుడే. అప్పుడైతే తక్కువ ఫీజు తప్పనిసరైన కుటుంబానికి మరో చోటు చూసుకునే వ్యవధి, ఆమెకు ఆ చోటులో మరో బిడ్డను చేర్చుకునే వీలు రెండూ ఉంటాయి.