పొట్ట ఆపరేషన్ – వీపులో సన్నని గొట్టం

“పొట్ట ఆపరేషన్‌కు వీపులో సూది ఎందుకు? అందులో నల్లమందు జాతి మందు కలుపుతారట, అది అలవాటైపోదా?” ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేముందు మన కుటుంబాల్లో చాలామందికి కలిగే సందేహాలివి. ఈ నెల వీటి గురించి చెప్పుకుందాం.

పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్ తర్వాత దగ్గినా, పక్కకు ఒత్తిగిలినా ప్రాణం పోయినంత నొప్పి. మన పెద్దలు దాన్ని పంటి బిగువున ఓర్చుకుంటారు. కాని ఈ ఓర్పు మేలు చేయదు. నొప్పికి భయపడి రోగి నిండుగా ఊపిరి తీయడు, గట్టిగా దగ్గడు, మంచం దిగడు. ఊపిరితిత్తుల్లో కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు.

అందుకే కొందరికి ఎపిడ్యూరల్ పెడతారు. మత్తు డాక్టరు చర్మాన్ని మొద్దుబార్చి, వెన్నుపామును కప్పిన పొరకు బయట ఉన్న సందులోకి సూది పంపుతారు. దాని గుండా దారంలాంటి గొట్టం పెట్టి, సూది తీసివేస్తారు. ఆ గొట్టం 2, 3 రోజులు ఉంటుంది. దానిలో నుంచి మందు కొద్దికొద్దిగా ఇస్తారు.

మందులు రెండెందుకు? బుపివకెయిన్ వంటి మందు నరాలను మొద్దుబారుస్తుంది. అదొక్కటే ఎక్కువగా ఇస్తే బి.పి. పడిపోవచ్చు, కాళ్లు బరువెక్కవచ్చు. మార్ఫిన్, ఫెంటానిల్ వంటివి వెన్నుపాములో నొప్పిని అణుస్తాయి. కాని దగ్గినప్పుడు వచ్చే నొప్పికి అవొక్కటే చాలవు. రెండూ కలిస్తే ఒక్కొక్కటి తక్కువ మోతాదులో సరిపోతుంది. కాడికి రెండెడ్లు కట్టినట్టన్నమాట. ఎపిడ్యూరల్‌లో మార్ఫిన్ ఇస్తే నొప్పి తగ్గుతుందని యెరూషలేములోని వైద్యులు 1979లో లాన్సెట్ వైద్య పత్రికలో తెలియజేశారు.

రెండు మూడు రోజులు, కొలత ప్రకారం, ఆసుపత్రి పర్యవేక్షణలో ఇచ్చే మందు వ్యసనంగా మారడం చాలా అరుదు. గనుక ఆ భయంతో వద్దనకండి. అయితే జాగ్రత్తలున్నాయి. దురద, వాంతి, మూత్రం బిగియడం కలుగవచ్చు. నర్సుకు చెబితే మందిస్తారు. అరుదుగా ఊపిరి నెమ్మదిస్తుంది. మార్ఫిన్ ఇస్తే ఇది చాలా గంటల తర్వాత కూడా రావచ్చు గనుక, చివరి మోతాదు తర్వాత 24 గంటలు కనిపెట్టి ఉండాలి. రోగి పిలిచినా పలకనంత మగతగా ఉంటే “పాపం, నిద్రపోనీలే” అని ఊరుకోకండి. వెంటనే నర్సును పిలవండి. కాళ్ల పట్టు తగ్గుతున్నా, వీపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయవద్దు. రోగిని ఒంటరిగా నడవనీయకండి.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, వీపు మీద పుండున్నా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నా డాక్టరుకు ముందే చెప్పాలి. ఎపిడ్యూరల్ అందరికీ సరిపడదు. చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్లకు చాలాసార్లు అవసరమే ఉండదు, వేరే పద్ధతులున్నాయి.

“నొప్పి 10లో ఎంత?” అని నర్సు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పమని మీ ఇంటి పెద్దలకు ముందుగానే నేర్పండి. 8 ఉన్న నొప్పిని 2 అని దాచుకుంటే, దాన్ని తగ్గించే మందు చేతిలో ఉండి కూడా డాక్టరు ఇవ్వలేరు.